వరసలో ఐదోవాడు

మొన్న ఆదివారం పొద్దుటి నుంచీ మా తెలుగు సంఘం వాట్సాప్ గ్రూపు ఆగకుండా మోగుతూనే ఉంది. మా మాజీ కోశాధికారి గారికి నగరం వారి వృద్ధ సేవా పతకం వచ్చింది. మెడలో పతకం, భుజాల మీద శాలువా. పతకం కెనడావాళ్ళు ఇచ్చింది, శాలువా ఆయన ఇంటి నుంచి తెచ్చుకుని ఎవరి చేతనో కప్పించుకున్నది. కింద చప్పట్ల బొమ్మలు, దండాల బొమ్మలు, "మీ సేవలు చిరస్మరణీయం బ్రదర్" అంటూ అభినందనలు. ఆయన చేసిన సేవ ఏమిటో నాకు బాగానే తెలుసు. ఫొటోల్లో ఆయన పక్కన నిలబడ్డది నేనే.

నేనూ మూడు చప్పట్లు పెట్టాను. పెట్టి, ఫోను బోర్లించి, గరాజ్‌లోకి వెళ్ళి గోడకు ఆనించిన మంచు పారను చూస్తూ కాసేపు నిలబడ్డాను. దాచడం దేనికి, ఆ పతకం నాకు రావలసింది. అప్లికేషన్ అంతా నింపాను. దానికి రెండు సిఫారసు లేఖలు కావాలి. ఒకటి మా గుడి కమిటీ చైర్మన్ గారు నేను రాసిచ్చినదాని మీద సంతకం పెట్టి ఇచ్చారు. రెండోది కూడా వచ్చింది. ఆ రెండోది వచ్చింది గనకనే పతకం రాలేదు. అది రాసినవాడు మా పక్కింటాయన. ఆయన పోయి తొమ్మిది నెలలు దాటింది. నాకు ఆయన మీద కోపం ఇంకా పోలేదు.

బ్రాంప్టన్‌లో మేము ఈ టౌన్‌హౌస్ కొని పన్నెండేళ్ళయింది. గృహప్రవేశానికి వచ్చిన మావాళ్ళు వంటింటి పాలరాయిని మెచ్చుకుని, బేస్‌మెంట్‌లో ఇద్దరు స్టూడెంట్లను పెట్టుకోమని సలహా ఇచ్చి, కిటికీలోంచి పక్కవాకిలి చూసి గొంతు తగ్గించారు. "పక్కన నల్లాయనా? కొనేముందు చూసుకోలేదా అండీ?" అప్పటికి ఆయన చేస్తున్న నేరం గులాబీ మొక్కకు నీళ్ళు పొయ్యడం. ఆ వారమే నేను గుమ్మం మీద కెమెరా బిగించాను. అది మా వాకిలి కన్నా ఆయన వాకిలినే ఎక్కువ చూసేది. బిగించినవాడు సరిగ్గా బిగించలేదని మా ఆవిడతో అన్నాను. బిగించింది నేనే.

మరుసటి జనవరిలో ఇండియా వెళ్ళి ఐదు వారాలకు తిరిగొచ్చాం. మోకాలి లోతు మంచు ఉండాల్సిన మా డ్రైవ్‌వే ఊడ్చిన వాకిలిలా ఉంది. ఎవరు తీశారా అని అటూ ఇటూ చూస్తుంటే ఆయన తన గుమ్మంలో నిలబడి, "కెమెరా ఉందిగా నైబర్, చూసుకో" అన్నాడు. చూసుకున్నాను. ఐదు వారాల్లో తొమ్మిదిసార్లు, ఆయనే. పని అయిన ప్రతిసారీ కెమెరా వైపు తిరిగి, టోపీ ఎత్తి, మర్యాదగా పలకరించి వెళ్ళాడు.

ఏం చెయ్యాలో తోచక కెమెరా కాస్త పక్కకు తిప్పాను. మా ఆవిడకు నాకన్నా బుద్ధి ఎక్కువ గనక డబ్బాడు పులిహోర పంపింది. ఆయన డబ్బా కడిగి, అందులో కేకు పెట్టి తిరిగి పంపాడు. గిన్నె ఖాళీగా వెనక్కి పంపకూడదని వాళ్ళమ్మ చెప్పిందట. మా అమ్మా అదే చెప్పింది. అలా చెప్పుకోదగ్గ స్నేహం ఏమీ కుదరకుండానే పదకొండేళ్ళకు పైగా గడిపాం. ఆయన మా పిల్లల పేర్లు, వాళ్ళ ఉద్యోగాలు, నా షుగర్ మందు పేరుతో సహా తెలుసుకున్నాడు. ఆయన ఏ ఉద్యోగం చేసి రిటైరయ్యాడో నేను అడగనే లేదు.

ఆయనది అమెరికా దక్షిణాది ఇంగ్లీషు, తాపీగా సాగదీసి మాట్లాడేవాడు. అది నాకు వచ్చిన తెలుగులో చెబుతున్నాను. నన్ను పిలిచిన పిలుపు మాత్రం మార్చలేదు. నైబర్. చివరిదాకా అదే.

దూరం నుంచి ఆయన్ను గుర్తుపట్టించేది కోటు. ముదురాకుపచ్చ కోటు, వీపు మీద తెల్లదారంతో కుట్టిన మూడు గ్రీకు అక్షరాలు. మా సంఘంలో ఇంజనీర్లకు కొదవ లేదు గనక వాటికి అర్థం వెంటనే దొరికింది. అదేదో ఫార్ములా అని, ఆయన రిటైర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ అయి ఉంటాడని తేల్చేశారు. నిజానికి అది ఆయన కాలేజీలో చేరిన సోదర సంఘం పేరు. తెల్లవాళ్ళ కాలేజీలు తలుపులు మూసిన రోజుల్లో నల్లవాళ్ళు చదువుకున్న కాలేజీలు అమెరికాలో ఉన్నాయి. అక్కడి విద్యార్థులు కట్టుకున్న సంఘాలకు ఇలా గ్రీకు అక్షరాల పేర్లు ఉంటాయట. ఒకసారి చేరితే చచ్చేదాకా సభ్యుడే. మన సంఘాల్లో జీవిత సభ్యత్వం కూడా అలాంటిదే, వేరే సంఘం పెట్టుకునేదాకా చెల్లుతుంది.

నేను రెండోసారి అధ్యక్షుడిగా ఉన్న ఏడాది, కెనడా డే నాడు పార్కులో మా సంఘం కార్యక్రమం పెట్టింది. "ప్రెసిడెంట్ గారూ, వేరే కమ్యూనిటీ నుంచి ఒకర్ని పిలుద్దామండీ. ఫొటోలో బావుంటది" అన్నాడు కోశాధికారి. నాకు తెలిసిన వేరే కమ్యూనిటీ మనుషులు ముగ్గురు: డెంటిస్టు, క్షవరం చేసేవాడు, పక్కింటాయన. పక్కింటాయన ఖాళీగా ఉన్నాడు. వేదిక మీద శాలువా కప్పాం, జ్ఞాపిక ఇచ్చాం, ప్రముఖ భౌతిక శాస్త్రవేత్త అని పరిచయం చేశాం. ఆయన మైకు దగ్గరికొచ్చి, "నాకు ఫిజిక్స్ రాదు. శాలువా వెచ్చగా ఉంది. థాంక్యూ" అని దిగిపోయాడు. మా సంఘం వేదిక మీద అంత చిన్న ఉపన్యాసం అంతకు ముందు లేదు, తర్వాతా లేదు.

గ్రూపు ఫొటోకు నిలబడమంటే ఆయన తన ఎడమ పక్కన ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి నిలబడ్డాడు. ఖాళీ కనిపిస్తే మా కోశాధికారి ఊరుకోడు, వెళ్ళి అందులో దూరాడు. ఈయన ఒకడుగు కుడికి జరిగాడు. మళ్ళీ ఖాళీ. మళ్ళీ కోశాధికారి. అలా జరిగీ జరిగీ ఇద్దరూ బ్యానర్ దాటిపోయారు. ఫొటోలో చివరికి మా కోశాధికారి సగమే పడ్డాడు. ఆ ఖాళీ ఏమిటని నేను అప్పుడు అడగలేదు. ముసలితనపు చాదస్తం అనుకున్నాను.

ఆయన నన్ను ఎన్నడూ బ్రదర్ అనలేదని చెప్పానా? ఎవర్ని పడితే వాళ్ళను అనేవాడు కాదు. మేము ఎదుటివాడి పేరు తెలియకముందే బ్రదర్ అంటాం, పేరు తెలిశాక లాయర్ నోటీసు పంపుతాం. ఆయన లెక్కలో ఆ మాటకు అర్హత ఉండాలి. ఆ అర్హత ఎలా వస్తుందో నాకు తెలుసుకోవాలని ఉండేది. అడిగితే వచ్చేది కాదని తెలుసు గనక అడగలేదు.

ఇక పతకం సంగతి. కిందటి డిసెంబర్‌లో ఫారం తెచ్చుకున్నాను. రెండో సిఫారసు లేఖ మన కమ్యూనిటీ బయటివాళ్ళది అయి ఉండాలట, ఆ మనిషి మన సేవను కళ్ళారా చూసి ఉండాలట. ఫిబ్రవరి నెలాఖరుకు గడువు. డెంటిస్టును అడిగితే ఆయన నా పళ్ళను తప్ప నన్ను చూడలేదన్నాడు. దాంతో పక్కింటి తలుపు కొట్టాను. పతకం గురించి, మా సేవల గురించి, ఒక ఇరవై నిమిషాలు చెప్పాను. ఆహార బ్యాంకుకు ఆరు పెట్టెల పప్పు డబ్బాలు ఇచ్చిన ఫొటో చూపించాను. అందులో మొదటి పెట్టె మీద పదిహేనుమందిమి చేతులు వేసి ఉన్నాం.

"మిగతా ఐదు పెట్టెలు ఎవరు మోశారు?" అన్నాడాయన.

అక్కడ పనిచేసే ఒక ముసలావిడ మోసింది. ఆ సంగతి చెప్పలేదు.

"రాస్తాను నైబర్. చూసింది రాస్తాను. రేపు పొద్దున్న ఐదు గంటలకు వచ్చి చూపించు."

మా వీధి చివర బస్సు స్టాపు ఉంది. మంచు పడితే నగరం వారి బండి రోడ్డు ఊడ్చుకుంటూ పోతుంది. ఊడ్చినదంతా రోడ్డంచున నడుమెత్తు గట్టుగా పేరుకుంటుంది. బస్సు వచ్చి ఆ గట్టు అవతల ఆగుతుంది. వేర్‌హౌసుల్లో షిఫ్టు చేసి దిగేవాళ్ళు దాన్ని ఎక్కి, జారి, పడి, ఇటు రావాలి. కారున్నవాడికి ఈ గట్టు సంగతే తెలియదు. నాకూ తెలియదు. ఈయన ఎన్నో ఏళ్ళుగా మంచు పడ్డ ప్రతి పొద్దునా ఆ గట్టుకు రెండు చోట్ల గండి కొట్టి దారి తీస్తున్నాడని మా వీధిలో ఎవరూ గమనించలేదు. బస్సు ఎక్కేవాళ్ళకు మాత్రం తెలుసు.

మొదటి రోజు ఇరవై నిమిషాలు ఆలస్యంగా వెళ్ళి, వెళ్ళగానే పార పట్టుకుని సెల్ఫీ తీసుకోబోయాను. ఆయన నా మణికట్టు పట్టుకున్నాడు, గట్టిగా కాదు. "రెండు చేతులూ పారకు కావాలి" అన్నాడు. ఫోను జేబులో పెట్టాను. మూడు వారాల తర్వాత గానీ అది మళ్ళీ ఆ స్టాపులో బయటికి రాలేదు, అదీ మా ఆవిడ ఫోన్ చేస్తే.

బస్సు ముందు తలుపు వచ్చి ఆగే చోట మొదలుపెట్టబోతే ఆపాడు. "వెనక తలుపు ముందు." ఎందుకో చెప్పలేదు. ముందు నాకు చరిత్ర నేర్పాడు. చరిత్ర రాకుండా పార పట్టుకోకూడదట. వాళ్ళ కాలేజీలో కొత్తవాణ్ణి సీనియర్లు ఎక్కడపడితే అక్కడ ఆపి అగ్గిపుల్ల వెలిగించేవారట. అది వేలికి అంటేలోగా సంఘం చరిత్ర అప్పజెప్పాలి. డెబ్బై ఒకటో ఏట, మైనస్ పద్నాలుగులో, మిస్సిసాగా మందుల కంపెనీలో క్వాలిటీ మేనేజరుగా ఎంతోమందిని వణికించి రిటైరైన నన్ను నిలబెట్టి అగ్గిపుల్ల గీశాడాయన. గాలికి ఆరిపోయేది. ఇంకోటి గీసేవాడు. ఎనిమిదో రోజుకు నాకు చరిత్ర వచ్చేసింది.

తొమ్మిదిమంది కుర్రాళ్ళు. అందరి తాతలూ బానిసలుగా పుట్టినవాళ్ళే. కాలేజీ వీళ్ళది, ఊరు తెల్లవాళ్ళది. ఊళ్ళో లైబ్రరీ ఉంది, వీళ్ళకు లేదు. ఆసుపత్రి ఉంది, వీళ్ళకు లేదు. ఒక లాండ్రీ వెనక చిన్న గదిలో కూర్చుని సంఘం పెట్టుకున్నారు. మొదటి సమావేశం మినిట్స్‌లో ఉన్నది ఒకటే విషయం: పేటలో ఏ ఏ ముసలమ్మల ఇళ్ళల్లో బొగ్గు అయిపోయింది, ఎవరు ఎవరింటికి మోసుకెళ్ళాలి. మా సంఘం మొదటి సమావేశం మినిట్స్ నేనే రాశాను. జ్యోతి ఎవరు వెలిగించాలన్న చర్చ పన్నెండు పేజీలు వచ్చింది. పదమూడో పేజీలో సంఘం రెండయింది.

వాళ్ళ తర్వాతివాళ్ళ కాలానికి బస్సులొచ్చాయి. తెల్లవాళ్ళ పేట స్టాపులో బెంచీ, పైన రేకు. వీళ్ళ పేట స్టాపులో బురద. ఇళ్ళల్లో పనికి వెళ్ళే ఆడవాళ్ళు చెప్పులు చేత్తో పట్టుకుని ఆ బురదలో నిలబడేవారు. సంఘం కుర్రాళ్ళు చెక్కపలకలు మోసుకొచ్చి పరిచారు. ఎవరో ఎత్తుకుపోయారు. మళ్ళీ పరిచారు. మళ్ళీ పోయాయి. మళ్ళీ పరిచారు. ఆ తర్వాత చరిత్రలో ఓటు హక్కు కోసం పెద్దవాళ్ళకు చదువు చెప్పడాలు, కోర్టు మెట్ల దాకా చెయ్యి పట్టుకుని నడిపించడాలు, దెబ్బలు, జైళ్ళు చాలా ఉన్నాయి. ఈయన స్వయంగా తిన్న దెబ్బలూ ఉన్నాయి. అవన్నీ గబగబా చెప్పేసేవాడు. పలకల దగ్గర మాత్రం ఆగేవాడు. ఆ స్టాపులో నిలబడ్డవాళ్ళలో వాళ్ళమ్మ ఒకతి. ఆ బస్సుల్లో నల్లవాళ్ళు ముందు ఎక్కి టికెట్టు కొని, దిగి, నడిచి వెళ్ళి వెనక తలుపు నుంచి ఎక్కాలి. ఒక్కోసారి ఆవిడ వెనక్కి నడిచేలోగా బస్సు కదిలిపోయేదట.

"అందుకే వెనక తలుపు ముందు" అన్నాడు. నేను పార అందుకుని వెనక తలుపు గండి వైపు నడిచాను.

మహానుభావుడు అనుకునేరు. అదేం లేదు. ఒక పొద్దున్న ఎవడో కారువాడు బురదమంచు చిమ్ముకుంటూ పోయాడు. ఈయన నిలువునా తడిశాడు. మాట్లాడకుండా కోటు విప్పాడు. అక్షరాలు లోపలికి పోయేలా మడిచి నా చేతిలో పెట్టాడు. అప్పుడు, ఆ చలిలో చొక్కాతో నిలబడి, ఆ కారువాణ్ణి, వాడి కారును, వాడికి లైసెన్సు ఇచ్చినవాణ్ణి తిట్టాడు. మా రేపల్లె రైల్వే గేటు దగ్గర కూడా నేను అలాంటి తిట్లు వినలేదు. అయ్యాక చెయ్యి చాపాడు. కోటు ఇచ్చాను. తొడుక్కుని గుండీలు పెట్టుకుని, "ఈ అక్షరాలు ఒంటి మీద ఉండగా నోరు జారకూడదు" అని పార అందుకున్నాడు. నేను మా సంఘం సమావేశాల గురించి ఆలోచించాను. మాకు అలాంటి కోటు ఉంటే ఎవరమూ తొడుక్కునే అవకాశమే ఉండేది కాదు.

పారకు లొంగని గడ్డమంచును కాళ్ళతో దంచేవాడు. ధన్ ధన్, ఒక చప్పట, మళ్ళీ ధన్. వాళ్ళ సంఘంలో వరసగా నిలబడి అలా కాళ్ళతో తాళం వేసే ఆట ఒకటుందట. ఎనభై దాటిన మనిషి అలా దంచుతుంటే ఐదు నలభై బస్సు దిగేవాళ్ళు చూసి నవ్వేవారు. వాళ్ళలో మన కరీంనగర్ అమ్మాయి ఒకతి ఉండేది. వేర్‌హౌస్‌లో నైట్ షిఫ్టు చేసి వచ్చేది. "గుడ్ మార్నింగ్ తాతా" అనేది తెలుగులోనే. ఆయన టోపీ ఎత్తి "మార్నింగ్, మేడమ్" అనేవాడు. "ఈ దేశంల నన్ను మేడమ్ అన్నోడు గీ తాత ఒక్కడే అంకుల్" అంది నాతో ఒకసారి.

ఒక రోజు పని అయ్యాక కాఫీకి లోపలికి పిలిచాడు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి ఉంది, నెలంతా గళ్ళు గీసి. వంతుల పట్టిక అన్నాడు. టొరంటో చుట్టుపక్కల వాళ్ళ శాఖలో ఒకప్పుడు ఇరవైమంది దాకా ఉండేవారట. కొందరు పోయారు, కొందరు వెచ్చటి ఊళ్ళకు పోయారు. మిగిలింది ఈయనొక్కడే. అయినా నెలనెలా గళ్ళు గీసి, గడిగడిలోనూ తన పేరే రాసుకునేవాడు. ఒక్కడికి వంతులేమిటని నవ్వబోయాను. అప్పుడు చూశాను, కొన్ని గళ్ళలో ఆయన పేరు కింద 'నైబర్' అని ఉంది. ఆయన పేరు పెన్నుతో, నాది పెన్సిల్‌తో.

పద్నాలుగో రోజు పని తొందరగా అయిపోయింది. స్టాపులో నిలబడి ఉన్నాం. ఆయన ఎప్పట్లాగే తన ఎడమ పక్కన ఖాళీ వదిలి నిలబడ్డాడు. నేను కుడి పక్కన నిలబడటం అప్పటికే అలవాటు చేసుకున్నాను. ఆ రోజు అడిగాను.

"వరసలో మేం ఏడుగురం. కలిసి చేరిన ఏడుగురం. ఎత్తును బట్టి నంబర్లు. నేను ఐదు. యుద్ధానికి రమ్మని నాలుగోవాడికీ నాకూ ఒకే వారంలో ఉత్తరాలొచ్చాయి. వాడు అటు వెళ్ళాడు. నేను ఇటు కెనడాకు వచ్చేశాను."

అంతే చెప్పాడు. తర్వాత ఆ ఖాళీ వైపు చూస్తూ, "వాడైతే వెళ్ళమన్నాడు. నువ్వు అక్కడ మన పని చెయ్యి అన్నాడు" అన్నాడు. బస్సు వచ్చింది. దిగేవాళ్ళు దిగారు. ఇంటికి నడుస్తుంటే నా భుజం మీద చెయ్యి వేశాడు. "రేపు పెద్ద మంచు. రేపు నీ వంతు నైబర్. పెన్నుతో రాశాను. నేను రాను."

"మీరు చూడకపోతే ఉత్తరంలో ఏం రాస్తారు?" అన్నాను. నవ్వులాటకే అన్నాను అనుకోండి.

"ఉత్తరం నా పని. వెనక తలుపు నీ పని."

మర్నాడు ఐదుకు అలారం మోగింది. కర్టెన్ తీశాను. వీధంతా కప్పేసిన మంచు. పక్కింట్లో దీపం లేదు, ఆయన వాకిట్లో ఒక్క అడుగు పడలేదు. ఆయన నిజంగానే రావట్లేదు. చూసేవాడు లేడు. అప్పుడు నాకు ఎంత హాయిగా అనిపించిందో రాయడానికి సిగ్గుగా ఉంది. దుప్పటి కప్పుకుని ఎనిమిదింటి దాకా పడుకున్నాను.

మధ్యాహ్నం ఆయన కూతురు ఫోన్ చేసి చెప్పింది. ముందురోజు సాయంత్రమే అంబులెన్సు వచ్చి తీసుకెళ్ళిందట, గుండె. ఆ సమయానికి మేము సంఘం కార్యవర్గ సమావేశంలో ఉన్నాం. అంబులెన్సును మా కెమెరా రికార్డు చేసింది. నేను చూసుకోలేదు.

ఆసుపత్రికి వెళ్ళాను. ముక్కుకు గొట్టాలు, ఒంటి మీద ఆసుపత్రి గౌను, కుర్చీ మీద మడిచిన ఆకుపచ్చ కోటు. నన్ను చూసి ఎలా ఉన్నావనలేదు, తనకెలా ఉందో చెప్పలేదు.

"వెనక తలుపు?" అన్నాడు.

"తీశాను" అన్నాను.

ఆయన నా మొహం చూశాడు. తల ఊపి కళ్ళు మూసుకున్నాడు. జీవితంలో చాలా అబద్ధాలాడాను, వేదికల మీద మైకు పట్టుకుని మరీ ఆడాను. వాటిలో ఒక్కటీ మర్నాటికి గుర్తుండేది కాదు, ఇది ఇంకా ఉంది.

ఐదు రోజులకు పోయాడు. అంత్యక్రియలకు సరిహద్దు దాటి కార్లలో తొమ్మిదిమంది ముసలివాళ్ళు వచ్చారు. నల్ల సూట్లు, ముదురాకుపచ్చ టైలు. ఒకరి తర్వాత ఒకరు పెట్టె ముందు తలవంచి పక్కకు జరిగారు. చివరికి ఇద్దరే మిగిలారు, ఆయన వరసలో బతికున్న ఇద్దరు. ఒకాయన చక్రాల కుర్చీలో ఉన్నాడు. ఇద్దరి మధ్యా చాలా ఖాళీ వదిలారు. పెద్దాయనొకడు నంబర్లు పిలిచాడు. ఒకటి. జవాబు లేదు. రెండు. "ఉన్నాను." మూడు. నాలుగు. ఎవరూ పలకలేదు. ఐదు. ఆ గదిలో ఎవరూ కదల్లేదు. అదే నంబరు మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలవకుండా ఆగి, ఆరు అన్నాడు. చక్రాల కుర్చీలోంచి "ఉన్నాను" అని గట్టిగా వినిపించింది. ఏడుకు ఎవరూ పలకలేదు. నాకు ఏడుపు ఆగలేదు. సన్మానాల్లో కళ్ళు తుడుచుకోవడం నాకు అలవాటే. ఇది ఆ రకం ఏడుపు కాదు.

బయటికొస్తుంటే ఆయన కూతురు నా చేతిలో కవరు పెట్టింది. "నాన్న ఆసుపత్రిలో రాశారు. మీకేదో గడువుందట. ఆలస్యం చెయ్యకుండా ఇమ్మన్నారు."

కారులో కూర్చుని విప్పాను. వంకర్లు పోయిన రాత, అయినా పెన్నుతోనే. తెలుగులో చెబితే ఇంతే:

"నా నైబర్ పద్నాలుగు పొద్దులు వచ్చాడు. మొదటి నాలుగూ ఆలస్యంగా వచ్చాడు. ఫొటో తీసుకోబోయి మానేశాడు. మా చరిత్ర నేర్చుకున్నాడు, రెండు తప్పులున్నాయి. పదో రోజు నుంచి చెప్పకుండానే వెనక తలుపు దారి ముందు తీశాడు. ఇవి నేను చూశాను. పదిహేనో రోజు ఆయన వంతు. తీశానని నాతో చెప్పాడు. నేను చూడలేదు కనుక నేను రాయను. బస్సు దిగేవాళ్ళను అడగండి."

కింద సంతకం, సంతకం పక్కన 5. బ్రదర్ అన్న మాట ఎక్కడైనా ఉందేమోనని రెండుసార్లు వెతికాను. లేదు.

గడువు ఇంకా మూడు రోజులుంది. మా ఆవిడ ఉత్తరం చదివి, "బావుందండీ, నిజాయితీగా రాశాడు. వాళ్ళు బస్సు దగ్గరికొచ్చి అడుగుతారా ఏంటి, పంపించెయ్యండి" అంది. తర్వాత నా వైపు చూసి, "ఆ రోజు తీశారుగా?" అంది. నేను చలికోటు వెతుక్కున్నాను.

మర్నాడు పొద్దున్న స్టాపుకు వెళ్ళాను. మంచు లేదు, పారా లేదు. ఐదు నలభై బస్సు వచ్చింది. కరీంనగర్ అమ్మాయి వెనక తలుపు నుంచి దిగి, నన్ను చూసి గబగబా వచ్చింది. "అంకుల్, మంచిగున్నరా? తాత కనవడ్తలేడు!" చెప్పాను. ఆ అమ్మాయి రోడ్డు మీదే నిలబడి ఏడ్చింది. ఏడుపు తగ్గాక అడిగాను, ఆ పెద్ద మంచు పడ్డ రోజున స్టాపు దగ్గర దారి ఉందా అని.

"ఆ రోజా? లేకుండె అంకుల్. ఎనక డోర్ కాడ నడుం దాంక మంచు. ముంగట గూడ గట్లనే. మేం నలుగురం దిగి, తాత దంచినట్టే కాళ్ళతోని దంచినం, లంచ్ డబ్బ మూతలతోని తోడినం. ఇద్దరు పెద్దమనుషులుండె, ఆళ్ళను పట్టుకొని దించినం." కళ్ళు తుడుచుకుంది. "మాకు కష్టమైందని కాదు అంకుల్. మీ ఇద్దరికి ఏమన్న అయిందేమోనని భయమైంది. ఒంట్ల మంచిగుంటె మీరు రాకుండ ఉండరు గదా."

ఆ ఉత్తరం నేను పంపలేదు. ఇప్పుడు పతకం అందుకున్న మా కోశాధికారికి బయటి కమ్యూనిటీ లేఖ ఎవరిచ్చారో తర్వాత తెలిసింది. మా డెంటిస్టు. ఆయనకు కోశాధికారి పళ్ళు నా పళ్ళకన్నా బాగా నచ్చి ఉంటాయి.

పక్కింటాయన ఇల్లు అమ్మేశారు. కూతురు సామాను సర్దుతూ నాకు పార ఇచ్చింది, గళ్ళ కాగితం కూడా నేనే అడిగి తెచ్చుకున్నాను. ఆ పెద్ద మంచు రోజు గడిలో ఆయన పేరు లేదు. పెన్నుతో, నైబర్ అని ఒక్కటే ఉంది. మార్చిలో మూడుసార్లు మంచు పడింది. రెండుసార్లు వెళ్ళాను. మూడోసారి ఎందుకు వెళ్ళలేదో కారణం ఉంది, చెబితే మీకు నచ్చదు.

ఇప్పుడు మా ఫ్రిజ్ మీద ఈ నెల కాగితం ఉంది. నేనే గీశాను. గళ్ళన్నిటిలోనూ నా పేరే రాసుకున్నాను, పెన్సిల్‌తో. ఈ చలికాలం మొదటి మంచు రేపు తెల్లవారేసరికి పదిహేను సెంటీమీటర్లు పడుతుందంటున్నారు. ఐదుకు అలారం పెట్టాను. చూసేవాడు లేడు, ఉత్తరం రాసేవాడూ లేడు. లేచి వెళ్ళానని రేపు నేను చెబితే నమ్మకండి. బస్సు దిగేవాళ్ళను అడగండి.